దొరసాని ఊరోళ్ళ పాట

నవంబరు నెల, రెండో ఆదివారం, పొద్దు వాలే వేళ. నల్లగొండ, ప్రభుదాసన్న ఇల్లు. హాజరైనవారు: ప్రభుదాసన్న, ఆయన కూతురు సునీత, ఒకప్పుడు మా మిషన్ గేటు ఎదురుగా కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపిన యాదగిరి, కట్టంగూరు నుంచి బస్సులో వచ్చిన బాల్‌రెడ్డి, నేను. ఉండవలసినవారు ఇంకా ఇద్దరు, దావీదు, రాజరత్నం. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు.

చిన్నప్పటి నుంచీ డైరీ రాయడం నా అలవాటు. ముందు తేది, దాని కింద ఎవరెవరు ఉన్నారో వాళ్ళ పేర్లు, ఆ తర్వాతే జరిగిన సంగతి. ఉద్యోగమంతా నర్సుగా చేయడం వల్ల ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. ఈ మధ్య మాత్రం పేర్లు రాసేచోటనే చెయ్యి అలసిపోతోంది. లేనివాళ్ళ పేర్లు కూడా ఒక పక్కన రాయకపోతే, ఉన్నవాళ్ళు ఎందుకు కూడారో రేపు నాకే అర్థం కాదేమో అనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టగానే పసుపు వేసి కాచిన ఉప్పునీళ్ళ వాసన తగిలింది. పడమటి కిటికీ గట్టు మీద, చివరి ఎండలో, టీవీ రిమోటులోంచి తీసిన సెల్లులు రెండు పక్కపక్కనే పడుకోబెట్టి ఉన్నాయి. కొత్తవి కొనలేక కాదు. సునీతది బడిపంతులు ఉద్యోగం, ప్రభుదాసన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, పింఛను వస్తుంది. అయినా ఆ ఇంట్లో ఒక్క సెల్లును కూడా ఎండకు పెట్టకుండా పారేయరు. ఆ రెండు సెల్లులను చూసి నేను గడప దగ్గరే కాసేపు నిలబడిపోయాను.

మేము ఎందుకు కూడామో ముందే చెప్పాలి. మరునాడు పొద్దున ప్రభుదాసన్నను హైదరాబాదు దవాఖానలో చేర్చాలి. ఆ మరునాడు ఆపరేషన్. గొంతులో పుండు ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేస్తామన్నారు. ఆ తర్వాత మెడ కింద చేసిన రంధ్రంలోంచి ఊపిరి ఆడుతుంది, నోటి నుంచి మాట రాదు. అటువంటి మనుషులకు నేను ఏళ్ళ తరబడి కట్లు మార్చాను. పలక మీద రాసి చూపేవాళ్ళు, చేతులతో సైగలు చేసేవాళ్ళు, కొన్నాళ్ళకు ఏదీ చేయకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాళ్ళు, అందరినీ చూశాను. పలకరించిపోదామని వచ్చినట్టు మేం ముగ్గురం చెప్పుకున్నాం గాని, అసలు సంగతి వేరు. గొంతు పోయేలోపు ఆయన ఒక్కసారి ఆ పాట పాడతాడా, పాడడా? ఆయన ఆ పాట పాడక యాభై ఏళ్ళు కావస్తోంది.

ఆ పాట సంగతి చెప్పాలంటే మిషన్ కాంపౌండు సంగతి చెప్పాలి. రాతి గోడలు, పెంకుటి కప్పు, పొడుగాటి వరండాలు ఉన్న దవాఖాన, దాని వెనుక వరుసగా పనివాళ్ళ ఇండ్లు, మాదీ, ప్రభుదాసన్న, దావీదు, రాజరత్నం వాళ్ళవీ అన్నీ అక్కడే, ఇండ్ల వెనుక సీతాఫలం చెట్ల తోపు, తోపు చివర ఎడ్లు లేని ఒక పాత ఎడ్ల కొట్టం. మా బాపు దవాఖానలో మందు సీసాలు కడిగి ఆరబెట్టేవాడు, మా అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. మా అవ్వ మక్తల్ దిక్కు నుంచి ఒక కరువులో నడిచి వచ్చి ఇక్కడ చేరిన మనిషి. సొంత భూమి ఎరగదు, ఒకరి భూమి మీద కూలీ చేయడం మాత్రం ఎరుగును. పొద్దున లేవగానే జొన్న రొట్టెలు కొట్టే అవ్వ చేతుల చప్పుడు, డెటాలు వాసన, వేపపూత రాలే రోజుల్లో వరండా పొడుగునా పరుచుకునే ఆ చేదు తీపి గాలి, సీతాఫలాలు కండ్లు విప్పే కాలంలో వాటిని బియ్యం బస్తాలో దాచి ఎవరు ముందు తీస్తారోనని ఒకరినొకరం కాపలా కాయడం, మగపిల్లల చిర్రగోనె ఆట, మా కచ్చకాయల ఆట, ఎండాకాలం రాత్రుల్లో వాకిట్లో నులక మంచాలు వేసుకుని చుక్కలు లెక్కపెడుతూ మధ్యలోనే నిద్రపోవడం, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఇప్పుడు ఒకే పొడుగాటి రోజులా గుర్తుంటాయి. ఫ్లోరైడున్న బోరింగు నీళ్ళు తాగి మా అందరి పండ్ల మీదా గోధుమరంగు చారలుండేవి. అందరికీ ఉండేవి కనుక అది మచ్చ అని మాకు తెలియదు.

క్రిస్మస్ ముందు నెల వచ్చిందంటే వెదురు బద్దలు చీల్చి పతంగి కాగితం అతికి నక్షత్రాలు కట్టేవాళ్ళం. అమ్మలు అరిసెలు, సకినాలు, గరిజెలు చేసి ఇత్తడి బిందెల్లో పెట్టి, పిల్లలకు అందకుండా అటక మీదికి ఎక్కించేవాళ్ళు, పిల్లలకు అందే అటకలు ఏవో వాళ్ళకు తెలిసినా తెలియనట్టు. అటువంటి ఒక చలికాలంలోనే, మా దవాఖాన నడిపే దొరసాని డాక్టరమ్మను చూడడానికి ఆమె అన్నగారి కొడుకు వాళ్ళ దేశం నుంచి వచ్చాడు. తెల్లగా, పొడుగ్గా, భుజాల దాకా జుట్టుతో ఉన్న ఆ మనిషిని చూసి మా అవ్వ మొదటి రోజు ఆడపిల్ల అనుకుని, “బిడ్డా, జడేసుకో, పేండ్లు పడ్తయి” అంది. ఆయన నవ్వి దండం పెట్టాడు. మాటలు తెలియకపోయినా దండం పెట్టడం నేర్చుకున్నాడు.

ఆయన దగ్గర ఇటుకంత నల్లటి టేపురికార్డరు ఒకటి, తోలు సంచిలో ఉండేది. తిరిగి పోయేటప్పుడు దాన్నీ, ఒక క్యాసెట్టునీ కాంపౌండు పిల్లలకని వదిలిపోయాడు. ఆయన చెప్పిన మాటలను డాక్టరమ్మ తన వచ్చీరాని తెలుగులో మాకు చెప్పింది. “ఈ పాటవాళ్ళు మా ఊరివాళ్ళు. వాళ్ళకు పెద్ద పేరు లేదు. పేరున్నవాళ్ళకంటే వీళ్ళు మంచిగా పాడుతారు, కాని ఎవరూ వినరు.” క్యాసెట్టు మీద పేరు రాసి ఉన్న కాగితం మొదటి వానాకాలంలోనే తడిసి ఊడిపోయింది. అప్పటి నుంచి ఆ పాటవాళ్ళకు మేము పెట్టుకున్న పేరు దొరసాని ఊరోళ్ళు.

దవాఖానకు కరెంటు ఉండేది గాని మా ఇండ్లకు లేదు. టేపురికార్డరుకు సెల్లులే దిక్కు. పెద్ద సెల్లులు, నాలుగు. అవి అరిగిపోతే కొత్తవి కొనడం మా ఇండ్లల్లో ఎవరికీ తోచే ఆలోచన కాదు. వాటిని తీసి కొట్టం ముందున్న నల్ల బండ మీద ఎండకు పెట్టేవాళ్ళం. ఎండ తగిలితే వాటిలో కొంచెం ప్రాణం వచ్చేది. ఆ సెల్లులను ఎండబెట్టే పని నాది. బడి నుంచి వచ్చి, వడియాలను తిప్పినట్టు ఒక్కొక్కదాన్ని అరిచేత్తో దొర్లించి, నీడ వచ్చిన కొద్దీ బండ మీద ముందుకు జరుపుతూ, కోళ్ళు పొడవకుండా కాపలా కూర్చునేదాన్ని. వెచ్చటి సెల్లు పట్టుకుంటే చేతికి అంటే ఆ వాసన, ఇనుము, తుప్పు, కొంచెం పులుపు, ఇప్పటికీ వేళ్ళ దగ్గరే ఉన్నట్టుంటుంది.

అట్లా ఎండిన సెల్లులతో దొరసాని ఊరోళ్ళు పాడితే ఆ పాట బరువుగా, లోతుగా, ఎక్కడో బావిలోంచి నీళ్ళు చేదినట్టు వచ్చేది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలా జాగా ఉండేది. ఆ జాగాలో గిటారు తీగ ఒక్కటే చాలాసేపు వణికేది. పాడే మనిషి గొంతు మా బాపు గొంతుకంటే బొంగురు. మాటలు ఒక్కటీ తెలియవు, కాని తెలియవలసిన అవసరం కనబడలేదు. మా అవ్వ కొట్టం గడప మీద కూర్చుని పొగాకు నములుతూ విని, “ఏడ్సుడు గాదు, నవ్వుడు గాదు. నడిమిట్ల ఉన్నది పాట” అని తీర్పు చెప్పింది.

ఒక క్రిస్మస్‌కు యాదగిరి ఎక్కడి నుంచో నాలుగు కొత్త సెల్లులు పట్టుకొచ్చాడు. కొత్త గుడ్డలు వేసుకుని అందరం కొట్టంలో కూడాం. మీట నొక్కగానే పాట ఉరికింది. గొంతులు సన్నబడి, గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ, డప్పు మీద ఎవడో రాళ్ళు పోసినట్టు.

“అరె, టేపురికార్డరుకు దయ్యం పట్టింది!” అని దావీదు లేచి నిలబడ్డాడు.

రాజరత్నం నెమ్మదస్తుడు. చెవి దగ్గరపెట్టి విని, “దయ్యం లేదు, గియ్యం లేదు. కొత్త సెల్లులు గదా, కాకమీదున్నయి. జర మెత్తబడనియ్యుండ్రి” అన్నాడు.

అందరికీ అది సబబుగా తోచింది. ఆ సెల్లులను తీసి దవాఖాన వాచ్‌మన్ టార్చిలైటులో వేశాం. మామిడికాయలను గడ్డిలో మాగబెట్టినట్టు, అవి కొన్నాళ్ళు ఆయన చేతిలో కాంపౌండంతా తిరిగి, వెలుగు ఎర్రబడిన తర్వాత తెచ్చి టేపురికార్డరులో వేసుకుంటే అప్పుడు పాట సరిగ్గా వచ్చింది. ఆ తర్వాత కొత్త సెల్లులు ఎప్పుడు దొరికినా అదే పద్ధతి. వాచ్‌మన్‌కు వెలుగు, మాకు పాట.

ఆ క్యాసెట్టు విని విని ప్రభుదాసన్న, రాజరత్నం, దావీదు ముగ్గురూ ఒక బ్యాండు కట్టారు. అప్పటికి ప్రభుదాసన్నకు మీసం కొత్తగా గట్టిపడుతోంది. మేము గుడి అని పిలిచే చర్చిలో మూలనపడ్డ గిటారు ఒకటి ఆయనది, వడ్రంగి యాకయ్యతో చేయించిన రెండోది రాజరత్నానిది, పెండ్లి బ్యాండువాళ్ళు పారేసిన డోలూ, నూనె డబ్బాలూ దావీదువి. యాదగిరి సైకిళ్ళకు వేసే నీలం రంగుతో డోలు మీద ‘నీలగిరి బీట్స్’ అని రాశాడు. మా ఊరికి నీలగిరి అనేది పాత పేరు. నాలుగో అక్షరం దగ్గరికి వచ్చేసరికి జాగా చాలక మిగతావి చిన్నగా రాశాడు. దూరం నుంచి చూస్తే పేరు గుసగుసలోకి దిగినట్టుండేది.

క్యాసెట్టులో ఎట్లా ఉంటే అట్లా పాడేవాళ్ళు, అంతే నెమ్మదిగా, అంతే లోతుగా. ప్రభుదాసన్న గొంతు సహజంగా సన్నదే. ఆ బొంగురుతనం కోసం బావిలోకి తల వంచి సాధన చేసేవాడు. సాయంత్రం కొట్టంలోంచి పాట మొదలైతే గోడ అవతల రోడ్డు మీద సైకిళ్ళు ఆగేవి. బాల్‌రెడ్డి అప్పుడు కట్టంగూరు నుంచి వచ్చి సర్కారు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. భూమున్న పటేండ్లింటి పిల్లగాడు, కాంపౌండు లోపలికి రావడానికి మొహమాటం. గోడ బయట తుమ్మచెట్టుకు ఆనుకుని వినేవాడు. వాళ్ళ ఊళ్ళో అప్పటికి ఒకటి రెండు బావుల మీద ఇంకా ఎడ్లతో నీళ్ళు తోడే మోట ఆడేది. ఎడ్లు వెనక్కి నడిచేటప్పుడు వాళ్ళ తాత తీసే రాగానికీ, ఈ పాటకూ ఒకే నడక అని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. పెండ్లిళ్ళకు ఎవరూ వాళ్ళను పిలిచేవారు కాదు. ఆ పాటలకు ఎవరూ చిందెయ్యలేరు. కాని వినేవాళ్ళు వినేవాళ్ళే. అంత తక్కువమంది అంత గట్టిగా ఒకదాన్ని ఇష్టపడడం నేను మళ్ళీ చూడలేదు.

ఒక ఏడు హైదరాబాదులో యువజన సంగీత పోటీ జరిగింది. మా గుడి పిల్లల కీర్తన బృందంలో నేనూ ఉన్నాను కనుక బ్యాండువాళ్ళు పోయిన బస్సులోనే పోయాను. ఫ్యాన్లు తిరిగే పెద్ద హాలు, ఎర్రటి తెర, మెరిసే గిటార్లు భుజాలకు తగిలించుకున్న పట్నం పిల్లలు. ప్రభుదాసన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పండ్ల చారలు కనబడకుండా పెదవులు సగమే తెరిచి, క్యాసెట్టులోని మొదటి పాట ఎత్తుకున్నాడు.

మొదట ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత ఒక వరుస. పాట సగంలో ఉండగానే తీర్పరుల బల్ల దగ్గరున్న ఒక పెద్దమనిషి మైకు అందుకున్నాడు. ఆయనకు ఆ దొరసాని ఊరోళ్ళు ఎవరో తెలుసు. మేము చూసిన మనుషుల్లో ఆ సంగతి తెలిసిన మొదటివాడు ఆయనే.

“ఈ పాట నేను విన్నానయ్యా. ఇది ఉరకలు వేసే పాట. మీరేమిటి, శవాన్ని మోస్తున్నట్టు పాడుతున్నారు? మీ టేపురికార్డరులో సెల్లులు అయిపోయాయా ఏమిటి?”

హాలంతా గొల్లుమంది. ఆయన సరదాకన్న మాటే. వేదిక మీది ముగ్గురికీ మాత్రం అది సరదాగా తగలలేదు, ఎందుకంటే అది నిజం. దావీదు చేతిలో పుల్లలు గాలిలో ఆగాయి. రాజరత్నం ప్రభుదాసన్న వైపు చూశాడు. కొత్త సెల్లులు వేసిన రోజు ఉరికిన పాటే అసలు పాట అని, ఇన్నేళ్ళూ మేము మాగబెట్టి మాగబెట్టి పాడింది అరిగిపోయిన సెల్లుల పాట అని, ఆ క్షణంలో ముగ్గురికీ, కింద పిల్లల వరుసలో కూర్చున్న నాకూ ఒక్కసారే తెలిసింది. ప్రభుదాసన్న పాట ఆపలేదు. వేగం పెంచనూ లేదు. ఎవరి మొహమూ చూడకుండా, అదే నెమ్మదితో చివరిదాకా పాడి, గిటారు కిందపెట్టి, తెర వెనక్కి పోయాడు.

బస్సులో దావీదు ఏదో తేలిక చేయబోయాడు. “వాళ్ళది పచ్చికాయ పాట, మనది మాగిన పాట” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ప్రభుదాసన్న కిటికీ వైపు తిరిగి, “ఇగ చాలు” అన్నాడు, అంతే. ఆ రాత్రి నా డైరీలో మూడే మాటలు: పోటీ అయింది. చలి.

ఆ తర్వాత ఆయన గుడిలో కీర్తనలు పాడాడు, సావు ఇండ్లల్లో ప్రార్థన పాటలు పాడాడు. ఆ పాట మాత్రం మళ్ళీ నోట రానివ్వలేదు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం దొరికింది, స్తంభాలెక్కాడు, పెండ్లయింది, పిల్లలయ్యారు. రాజరత్నం అచ్చంపేట దిక్కు బడి ఉద్యోగానికి పోయి అక్కడే కన్నుమూశాడు. దావీదు మొన్న మొన్నటిదాకా ఉన్నాడు. నేను చదువుకుని నర్సునై ఎన్నో ఊర్లు తిరిగి మళ్ళీ ఇక్కడికే వచ్చాను. టేపురికార్డరు ఎవరి ఇంటికి పోయిందో, ఎవరి అటక మీద పగిలిందో ఎవరికీ తెలియదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, ఒక పెండ్లిలో బాల్‌రెడ్డి కూనిరాగం తీస్తుంటే సునీత విని, ఆ పాటలోని నాలుగు ఇంగ్లీషు మాటలు పట్టుకుని ఫోనులో వెతికింది. దొరికింది. యాదగిరి, బాల్‌రెడ్డి, నేను ఫోను చుట్టూ తలలు పెట్టి విన్నాం. చురుగ్గా, సన్నటి గొంతులతో, పరుగులు పెడుతూ.

“ఎవడో ఎనకబడి తరుముతున్నట్టు పాడుతాండ్రు” అన్నాడు యాదగిరి.

“గీళ్ళే తప్పు పాడిండ్రు” అన్నాడు బాల్‌రెడ్డి. “పాట నడవాలె గని ఉరుకుతదా?”

పాట కింద దేశదేశాల మనుషులు తమ మాటలు రాసుకున్నారు. సునీత చదివి తెలుగులో చెప్పింది. అందరూ మా వయసువాళ్ళే. ఒకాయన ఓడలో విన్నానని, ఒకామె చనిపోయిన తన అన్న గదిలో విన్నానని, ఇంకొకరు వీళ్ళ కచేరీకి పోతే హాలు సగం ఖాళీగా ఉండెనని. అందరి మాటా తిరిగి తిరిగి ఒక్కటే, వీళ్ళకు రావలసిన పేరు రాలేదని. నేను కూడా ఒక మాట రాయాలనుకున్నాను. ఏమని రాయాలి? నల్లగొండలో ఎడ్ల కొట్టంలో మీరు వినని తీరులో విన్నామనా? రాయలేదు. ఇంత దూరం నుంచి సర్ది చెప్పుకునే ఓపిక లేదు. మేము మాత్రం అప్పటి నుంచి ఏడాదికొకసారి కూడుతున్నాం. ఆ పాట వినం. దాన్ని గురించి మాట్లాడుకుంటాం. ప్రభుదాసన్న మాతోనే కూర్చుని, చాయ్ తాగి లేచిపోయేవాడు.

ఈసారి మాటల్లోకి ముందు దిగింది యాదగిరి. “దాసన్నా, ఒక్కసారి పాడరాదే” అన్నాడు.

సునీత వంటింట్లోంచి తపుకు పళ్ళెం చేతపట్టుకునే వచ్చింది. “డాక్టరు మాట్లాడనే వద్దన్నడు. మీరు పాడుమంటున్నరు! పటేలా, నువ్వన్నా చెప్పవా పెద్దమనిషివి?”

“నేనే అడుగుదామనుకుంటున్న బిడ్డా” అన్నాడు బాల్‌రెడ్డి, “గీ యాదగిరి ముందుపడ్డడు.”

“నువ్వు గోడ అవతల నిలబడి ముఫత్‌గ విన్నోనివి. ముందు అడిగే హక్కు నాది. రంగు ఖర్చు నాది” అన్నాడు యాదగిరి.

సునీతకు నవ్వు రాలేదు. నా వైపు తిరిగింది. “కరుణత్తా, నువ్వు నర్సువు గదా. నువ్వు చెప్తే వింటరు.”

ఆ మాట నా మీదికి వస్తుందని నాకు తెలుసు. నర్సుగా చెప్పవలసింది ఏమిటో కూడా తెలుసు. నేను లేచి, దీపం దగ్గరికి జరిపి, ప్రభుదాసన్న నోరు తెరిపించి చూశాను. నెత్తురేమన్నా పడ్డదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. “నీకు పాడాలని ఉన్నదా అన్నా?” అని అడిగాను. అప్పుడు, ఆ సాయంత్రం మొత్తంలో మొదటిసారి, ఆయన మాట్లాడాడు, గరుకుగా, గొంతులో ఇసుక ఉన్నట్టు.

“ఉరికే తీరు నాకు రాదు.”

“ఉరకమని ఎవరన్నరు?” అన్నాడు బాల్‌రెడ్డి. “మన తీరే పాడు.”

నేను సునీతకు చెప్పాను. “గొంతు ఎల్లుండి ఎట్లైనా పోతది బిడ్డా. ఇయ్యాల దాచిపెట్టి ఏం చేస్తం? ఒక్క పాట. దగ్గు వస్తే నేనే ఆపుత.”

గిటారు లేదు. బాల్‌రెడ్డి కుర్చీ చెయ్యి మీద అరిచేత్తో నెమ్మదిగా కొట్టడం మొదలుపెట్టాడు. ప్రభుదాసన్న కండ్లు మూసుకోలేదు. గోడకున్న కేలెండరు వైపు చూస్తూ ఎత్తుకున్నాడు. ఒకప్పుడు బావిలోకి తల వంచి తెచ్చుకున్న ఆ బొంగురు ఇప్పుడు పుండు వల్ల దానంతటదే వచ్చింది. ఒక పాదం పాడేసరికి ఊపిరి అయిపోయేది. ఆగేవాడు. ఛాతీ ఎగిరెగిరి పడేది. బాల్‌రెడ్డి అరిచెయ్యి ఆగకుండా, తొందరపెట్టకుండా కొడుతూనే ఉండేది. ఆ పాటలో పాదానికీ పాదానికీ మధ్య ఉన్న జాగా ఒక ముసలి మనిషి ఊపిరి తీసుకోవడానికి సరిగ్గా సరిపోయింది. ఆయన ఎప్పుడు తయారైతే అప్పుడే రెండో పాదం, అప్పుడే మూడోది. నడుమ ఒకచోట మాటలు మరిచిపోయాడు. అవి మాకు ఎప్పుడూ మాటలు కావు కనుక ఏ తేడా రాలేదు. యాదగిరి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టే కాలం కాకపోయినా.

చివరి పాదం గాలిగా మాత్రమే వచ్చింది. తర్వాత దగ్గు. నేను వేడినీళ్ళు పట్టాను. ఆయన ఉమ్మిన తపుకులో ఒక పలచటి ఎరుపు జీర కనబడింది, ఎక్కువ కాదు. నేను దాన్ని సునీత చూడకుండా కడిగాను.

సునీత గోడకు ఆనుకుని నిలబడే ఉంది. “బాపూ, గీ పాట మాకెన్నడూ ఎందుకు పాడలే?”

“సిగ్గయ్యింది బిడ్డా” అన్నాడు ప్రభుదాసన్న.

చాయ్‌లు తాగాం. బాల్‌రెడ్డి ఆఖరి బస్సు అందుకోవాలని లేచాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ యాదగిరి, “మంచిగ ఉండె దాసన్నా” అన్నాడు, ఏదో కూర గురించి అన్నట్టు.

మరునాడు పొద్దుగాలనే కారులో బయలుదేరాం, ప్రభుదాసన్న, సునీత, నేను. కాంపౌండు ముందునుంచే దారి. రాతి గోడ ఉన్నచోట ఇప్పుడు వరుసగా మొబైలు దుకాణాలు, సీతాఫలం తోపు ఉన్నచోట కార్లు నిలిపే జాగా, కొట్టం ఉన్నచోట ఒక ఫంక్షన్ హాలు వెనుక గోడ. సైకిలు కిరాయికి ఇచ్చేవాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడు. ఆయన కిటికీ వైపు తిరిగి చూశాడో లేదో నేను గమనించలేదు, నాకు రాత్రి సరిగ్గా నిద్రలేదు.

దవాఖానలో చేర్చుకునే కిటికీ దగ్గర పొడుగాటి వరుస. మా వంతు వచ్చేసరికి లోపలి ఆడపిల్ల తల ఎత్తకుండానే “పేషెంటు పేరు?” అంది. సునీత నోరు తెరిచింది. ప్రభుదాసన్న చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు.

“ప్రభుదాసు” అన్నాడు.

“తండ్రి పేరు?”

“యాకోబు.”

“ఊరు?”

“నల్లగొండ.”

“ఫోన్ నంబరు?” ఆయన ఒక్కొక్క అంకె చెప్పాడు. వెనుక ఎవరో “జర జల్దీ కానియ్యుండ్రి” అన్నారు. సునీత ఫోను తీసి చూపబోతే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రేపటి నుంచి ఈ మాటలేవీ ఆయన నోట రావు. మతం, వయసు, వెంట వచ్చినవాళ్ళ పేర్లు, అన్నిటికీ ఆయనే జవాబు చెప్పాడు, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగి. నా పేరు అడిగినప్పుడు “కరుణ. చెల్లె అయితది” అన్నాడు.

“అయిపోయింది పెద్దాయనా, మూడో అంతస్తుకు పోండి” అంది ఆ పిల్ల.

ఆయన కదలలేదు. “నీ పేరేంది బిడ్డా?” అని అడిగాడు.

ఆ పిల్ల అప్పుడు తల ఎత్తింది. “శ్రావణి” అంది, ఎందుకు అడిగాడో తెలియక.

“శ్రావణి” అని ఆయన ఒక్కసారి అని, కిటికీ వదిలి పక్కకు జరిగాడు.